నలుగురు కూర్చున్న బల్ల

పఠన భాగము: దానియేలు 1:8–16

బబులోను రాజనగరులో దానియేలు రాజభోజనమును, ద్రాక్షారసమును వలదని శాకధాన్యాదులను, నీళ్లను కోరెను. అతడు కోరినది ఆరోగ్యము కాదు, దేవుని యెదుట పవిత్రత. అయినను పది దినములైన పిమ్మట ఆ ఫలము ముఖములయందే కనబడెను. ఆ బల్లయొద్ద అతడు ఒంటరివాడు కాడు. ముగ్గురు స్నేహితులు అదే ఆహారమును భుజించిరి. ఈ సంగతిని మనము తరచుగా గమనింపము.

అట్టి బల్ల ఒకటి ఫిన్లాండు దేశములోను వేయబడెను. తూర్పు సరిహద్దునగల ఉత్తర కరేలియాలో నడివయస్సు పురుషులనేకులు గుండెజబ్బుతో మరణించుచుండిరి. వెన్న, ఉప్పు, పొగాకు అచ్చటి వారికి నిత్యకృత్యములు. 1971లో ప్రజలే ప్రభుత్వమునకు విజ్ఞాపన చేసికొనిరి. 1972లో పెక్కా పుస్కా అను యువవైద్యుని నాయకత్వమున పని ఆరంభమాయెను. ఉపన్యాసములతోనే సరిపెట్టలేదు. గృహిణుల సంఘములవారు ఊరూర విందులు చేసి, వెన్న తగ్గించి, కూరగాయలు హెచ్చించి, వండి వడ్డించి చూపిరి. కొలెస్టరాలు తగ్గించుటలో గ్రామములు పోటీపడెను. దాదాపు నలుబది ఏండ్లలో పనిచేయు వయస్సు పురుషుల గుండెజబ్బు మరణములు నూటికి 80 వంతులకు పైగా తగ్గెను.

మన క్రిస్మస్ ప్రేమవిందు మాటేమి? మధుమేహముగల పెద్దాయన విస్తరి ముందు కూర్చుండును. “పండుగనాడు ఒక్కటి తింటే ఏమవుతుంది, అయ్యగారూ!” అని లడ్డు వేయుదురు. ప్రేమతోనే వేయుదురు సుమా! కొన్నాళ్లకు ఆయన కాలిపుండు నిమిత్తము అదే సంఘము ఉపవాసముండి ప్రార్థించును. ఆ ప్రార్థనను దేవుడు త్రోసివేయడు. అయితే ఆనాడు ఆ పంక్తిలో ఒక్క యౌవనస్థుడైనను ఆయన ప్రక్కను కూర్చుండి, “నాకునూ వద్దండి” అని యుండినయెడల?