పొరుగింటి చెట్టుకు నీళ్ళు

ఆడపిల్లను పెంచడం పొరుగింటి చెట్టుకు నీళ్ళు పోయడం లాంటిదన్న సామెత మీద మనం చాలానే రాశాం. కూతుర్ని ఖర్చుగా, కొడుకుని పెట్టుబడిగా లెక్కగట్టే ఆ మాటలో పితృస్వామ్యం ఎంత నిర్లజ్జగా బయటపడుతుందో క్లాసురూముల్లో, సెమినార్లలో చెప్పుకుంటూనే ఉన్నాం. అయితే ఆ చర్చంతా కూతురి వైపు నుంచే జరిగింది. చెట్టు సంగతి ఎవరూ పట్టించుకోలేదు. నీళ్ళు పోసిన మనిషి సంగతీ అంతే. పొరుగింటి చెట్టుకు నీళ్ళు పోస్తే అసలు తప్పేమిటి? పండు నా నోటికొస్తేనే నా చెయ్యి కదలాలన్న సూత్రాన్ని, సామెతను తిడుతూనే మనమూ ఒప్పేసుకున్నామా?

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు. హనుమకొండలో నాలుగేళ్ళుగా అద్దెకుంటున్న ఇంట్లోంచి వచ్చింది. పదకొండు నెలల అగ్రిమెంటు, ఏటా తిరగరాసుకోవడం. నా ఉద్యోగం కూడా దాదాపు అలాంటిదే, ప్రాజెక్టు ఉన్నంతవరకూ. ఇంటికి ప్రహరీగోడ పక్కన రెండడుగుల వెడల్పున మట్టి నేల ఉంది, పైన డాబా ఉంది. డాబా మీద పాత పెయింటు బకెట్లలో, సిమెంటు కుండీల్లో వంగ, టమాటా, పుదీనా, బీర. కింద నేలలో కరివేపాకు. ఇంటివాళ్ళకూ నాకూ మధ్య ఎవరూ రాయని ఒప్పందం ఒకటుంది. కుండీలో ఉన్నది నాది, నేలలో ఉన్నది వాళ్ళది. వినడానికి తేలికగానే ఉంటుంది. కింద పెట్టిన మల్లె కుండీని రెండో వేసవిలో జరపబోతే అది కదలలేదు. అడుగున ఉన్న కంతలోంచి వేళ్ళు దిగి నేలను పట్టుకున్నాయి. ఇప్పుడా మల్లె ఎవరిది?

కరివేపాకు విషయం మరీ చిక్కు. చెట్టు ఇంటివాళ్ళది, నాటిందీ నీళ్ళు పోస్తున్నదీ నేను, ఆకు ఇద్దరం కోసుకుంటాం. వానలు పడగానే నల్లరెక్కల సీతాకోకచిలుక వచ్చి లేత ఆకుల మీద గుడ్లు పెడుతుంది. పొదిగిన పురుగు మొదట్లో అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది, తర్వాత ఆకుపచ్చగా మారుతుంది. ముట్టుకుంటే తల వెనకనుంచి ఎర్రటి కొమ్ములు బయటపెట్టి ఘాటైన వాసన వదులుతుంది. మొదటి ఏడాది ఒక్క చిగురు మిగల్లేదు. వేపనూనె కొట్టమని అందరూ చెప్పారు. వంగమీద పిండినల్లికి కొట్టిన చేత్తో దీనికి కొట్టలేకపోయాను. సీతాకోకచిలుక అందంగా ఉంటుందని ఇదీ, పిండినల్లి అసహ్యంగా ఉంటుందని అదీ. ఈ తేడాకి నైతిక పునాది ఏమైనా ఉందా అంటే, లేదు.

ఇక బీర. నాలుగేళ్ళలో నాకు అన్నిటికన్నా ఎక్కువ ఆనందమిచ్చింది బీరపాదే. దాని లేత పసుపు పూవు సాయంత్రం పూట విచ్చుకుంటుంది, అంటే నేను ఇల్లు చేరే వేళకి. మొదటి కొన్ని రోజులు అన్నీ మగపూలే. గుత్తులు గుత్తులుగా, ఆర్భాటంగా పూసి రాలిపోతాయి. ఆడపూవు ఆలస్యంగా, ఒంటరిగా, తొడిమ దగ్గర చిన్న పిందెను ముందే పట్టుకుని వస్తుంది. (కొన్ని సాహిత్య సభలు గుర్తొచ్చి నవ్వుకున్న సాయంత్రాలున్నాయి.) పురుగులు సరిగా రానప్పుడు మగపూవు తుంచి పుప్పొడిని ఆడపూవుకు మనమే అద్దాలి. రోజంతా ఫుట్‌నోట్లు సరిచూసి వచ్చాక, ఆ అరనిమిషం పనికి మూడు రోజుల్లో పిందె లావెక్కి జవాబు చెప్తుంటే కలిగే తృప్తి వేరు. మర్నాడు కోద్దామనుకున్న కాయల్ని మాత్రం కోతులు తెల్లారేసరికి కొరికి, సగం తిని, సగం మెట్లమీద పారేసి పోతాయి. ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకి వర్ణించి చెప్పక్కర్లేదు. ఆ మెట్లమీద నిలబడి ‘నా కాయలు’ అని గట్టిగా అన్నాను. ఏ హక్కుతో నావి?

జాన్ లాక్‌ని అడిగితే జవాబు తయారుగా ఉంటుంది. అందరిదీ అయిన ప్రకృతికి మనిషి తన శ్రమను కలిపితే అది అతని సొంతమవుతుందని 1689 నాటి ‘సెకండ్ ట్రీటిస్’లో ఆయన వాదన. ఎం.ఎ.లో చదివినప్పుడు ఎంతో న్యాయంగా కనిపించింది. ఆ అధ్యాయంలోనే ఒక ఉదాహరణ ఉంది. తన గుర్రం మేసిన గడ్డీ, తన నౌకరు కోసిన పచ్చిక పెళ్ళలూ, తాను తవ్విన ఖనిజమూ తన ఆస్తే అవుతాయంటాడు. నౌకరు శ్రమ నౌకరుకి హక్కునివ్వదు, యజమానికిస్తుంది. గుర్రానికీ నౌకరుకీ మధ్య ఒక విరామచిహ్నం మాత్రమే అడ్డం.

నౌకరు ఉన్నచోట కూతుర్ని పెట్టి చూడండి. మా అమ్మమ్మగారి పెరట్లో సొర, చిక్కుడు పాదులకు గిలకబావి నీళ్ళు తోడిపోసింది మా అమ్మ. ఆమె పెళ్ళి 1983లో. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కూతుళ్ళకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో సమాన హక్కునిచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది, అప్పటికే పెళ్ళయినవాళ్ళకి వర్తించలేదు. 2005 కేంద్ర సవరణ ఆ తేడాను తీసేసింది. తండ్రి ఆనాటికి బతికుండనక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. కాని 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన పంపకాలను ఆ చట్టం ముట్టుకోదు. మామయ్యల పంపకాలు 1998లోనే రిజిస్టరైపోయాయి. పెరడు ఇప్పుడు కార్లు పెట్టుకునే చోటు. ఆస్తి హక్కు విషయంలో నాకే ఊగిసలాటా లేదు. నీళ్ళు తోడినవాళ్ళకి వాటా ఉండాల్సిందే.

అందుకే, సొంతం కాని చెట్టుకు నీళ్ళు పోయడంలో తప్పేముందని నేనన్నప్పుడు ఒక స్నేహితురాలు చురుగ్గా అడ్డుపడింది. “ఆడవాళ్ళకి ఫలాపేక్ష లేని సేవ గురించి ఇంకొకళ్ళు చెప్పాలా? వేల ఏళ్ళుగా చేస్తున్నదదే కదా,” అంది. కూరలో కరివేపాకులా వాడుకుని పక్కన పడేయడమన్న మాట స్త్రీల గురించి ఊరికే పుట్టలేదని కూడా అంది. ఆమె అభ్యంతరాన్ని తోసిపుచ్చలేను. అయినా ఒక తేడా కనిపిస్తోంది. నేను ఏ రోజైనా మగ్గు కింద పెట్టేయగలను. మొక్క ఎండితే నేను బాధపడతాను గాని నన్నెవరూ నిలదీయరు. గిలకతాడు వదిలేసే వీలు మా అమ్మకి లేదు. పండు ఎవరికి దక్కుతుందన్నది ఒక ప్రశ్న, ఆ పని వద్దనగలిగే వీలు ఎవరికుంది అన్నది ఇంకో ప్రశ్న. సామెత మొదటిదాన్నే అడుగుతుంది.

ఈ తేడా నాకు నేనుగా కనిపెట్టింది కాదు. మా ఇంట్లో పనిచేసే అక్క చెప్పింది. సెమినార్లకు వేరే ఊళ్ళు వెళ్ళినప్పుడు మొక్కలకు ఆమే నీళ్ళు పోస్తుంది. మొదటిసారి అడిగినప్పుడే, “చెట్లకు పోసుడు గూడ పనే గద బిడ్డా,” అంది. నిజమే. నెలకి రెండు వందలు కలిపాం. నా చేతిలో సరదా అయిన నీళ్ళు ఆమె చేతిలో పనిగంట. ఇంటితోట గురించి మనం రాసుకునే ముచ్చట్లలో ఈ రెండో చెయ్యి కనబడటం అరుదు.

వంగ కుండీల్లో దానంతటదే మొలిచిన ఒక మొక్కను చూసి ఆమె, “గిది పీకి పారెయ్యకుండ్రి. గంగవాయిలి కూర. పప్పుల ఏస్తె మంచిగుంటది,” అంది. తోటపని పుస్తకంలో అది కలుపుల జాబితాలో ఉంది. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు ఎన్నో ఏళ్ళుగా చెప్తున్నదీ ఇదే. జొన్న, కంది చేలల్లో ఎవరూ విత్తకుండా మొలిచే ఆకుకూరలు కలుపు కాదు, పేదింటి కూర. కలుపుమందు కొడితే ముందు పోయేది అదే. లాక్ ప్రకారం చూస్తే ఎవరి శ్రమా కలవని ఆ కూర అందరిదీ, కోసుకున్నవాళ్ళదీ. కుండీ మాత్రం నాది, కుండీలో మట్టి నేను కొన్నది. ఆమె కోసుకెళ్ళిన రోజు సాయంత్రం ‘నేను ఇచ్చాను’ అని నోటిదాకా వచ్చింది. విత్తందాన్ని ఇవ్వడమేమిటి?

ఆలిస్ వాకర్ 1974లో తన తల్లి తోటల గురించి రాసిన వ్యాసం మనలో చాలామందికి పాఠ్యమే. పొలాల్లో పనిచేసి వచ్చిన ఆ నల్లజాతి స్త్రీ 50కి పైగా రకాల మొక్కల్ని పెంచడంలోని కళను చూడమంటుంది వాకర్. సొంత గది కావాలన్న వర్జీనియా వూల్ఫ్‌కి అది ఒక జవాబు కూడా. వ్యాసాన్ని మళ్ళీ చదివితే ఇంకొకటి తగిలింది. వాళ్ళది కౌలు కుటుంబం. తప్పనిసరై తలదాచుకున్న ప్రతి పాతకొంప చుట్టూ ఆ తల్లి పూలు నాటింది, గోడల కంతలకు అడ్డంగా పొద్దుతిరుగుడు పెంచింది. సొంత గదీ లేదు, సొంత నేలా లేదు. వాళ్ళు వెళ్ళిపోయాక ఆ పొద్దుతిరుగుళ్ళను ఎవరు చూసుకున్నారోనన్న ధ్యాసే నన్ను పట్టుకుంది. కళ అనగానే మనం సంతకం వెతుకుతాం. ఆ తోటలకు సంతకం లేదు.

జూన్‌లో నేను వేరే ఊరికి మారుతున్నాను. కుండీలు కొన్ని తీసుకెళ్తాను. ముదిరి ఎండిన బీరకాయలోంచి తీసిన విత్తనాలు అక్కకి కొన్ని, నాకు కొన్ని. మల్లెను కదపను. మొన్న ఇంటావిడ గేటు దగ్గర నిలబడి, “ఆ కరివేపాకు తీసేపిస్త. గోడ పలిగితే ఎట్ల?” అన్నారు. ఉంచమన్నాను. “నువ్వెట్లాగూ పోతున్నవ్, ఇగ నీకెందుకమ్మా?” అన్నారు. ఆమె అడిగిన దాంట్లో వెటకారమేమీ లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. చెప్పడానికి నా దగ్గర తయారుగా ఏమీ లేకపోయింది. వేరునుంచి లేచిన పిలకల్ని ఎప్పటికప్పుడు తీసేస్తే, ఏటా కొసలు కత్తిరిస్తే చెట్టు గుబురుగా, అదుపులో ఉంటుందని చెప్పాను. ఎక్కడ కత్తిరించాలో చూపించమన్నారు. లోపలికెళ్ళి కత్తెర తెచ్చారు.