అంజూరపు పండ్ల ముద్ద

పాఠ్యభాగములు: 2 రాజులు 20:1–7, లేవీయకాండము 13:1–8

మరణము నిశ్చయమని ప్రవక్త నోట వినిన హిజ్కియా రాజు గోడవైపు తిరిగి ఏడ్చెను. యెషయా ఇంకను రాజగృహపు ఆవరణములో నుండగానే ఆ ప్రార్థన ఆలకింపబడెను. రాజు ఆయుష్షునకు పదునైదు సంవత్సరములు కలుపబడెను. వృత్తాంతము అక్కడనే ముగిసియుండినయెడల బోధించుట ఎంతో సులభమైయుండెడిది. కాని యెషయా వెంటనే అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుమీద వేయించెను. వాగ్దానము పలికిన నోరే వైద్యమును చెప్పెను. యెషయా గ్రంథములో ఈ సంగతి మరల వచ్చుచోట (38:21) హెబ్రీ మూలమందలి క్రియకు ‘బ్రదుకును’ అని అర్థము. దేవుడిచ్చిన బ్రదుకు ఆ ముద్ద ద్వారా వచ్చినది.

తెలుగువారు క్యాన్సరును రాచపుండు అని పిలుచుట కద్దు. అయినను రాజైన హిజ్కియా వ్యాధి అదియే యని చెప్పుటకు ఆధారము లేదు. 2 తిమోతి 2:17లోని కొరుకుపుండు సహితము క్యాన్సరు కాదు. ఆ గ్రీకు మాట కుళ్లిపోవు శరీరభాగమును, అనగా గాంగ్రీనును సూచించును. ఆ వచనమును రోగి మంచము చెంత చదివి, అతని వ్యాధిని పాపముతో ముడిపెట్టుట లేఖనమునకును రోగికిని అన్యాయము.

సూరతు నగరములోని సలాబత్‌పురాను తలంచుడి. మరమగ్గముల చప్పుడుకు పేరుపడిన ప్రాంతమది. తెలంగాణా జిల్లాల నేతకుటుంబములు తరతరములుగా సూరతుకు పనికై వచ్చినవి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమములో సహితము పాఠశాలలు నడుపునంతగా అక్కడ తెలుగువారు పెరిగిరి. మగ్గమునొద్ద పన్నెండు గంటల పాళీ. కూలి నేసిన మీటర్ల లెక్క. రాత్రి నిద్ర ఆపుకొనుటకు చెంపలో కొంచెము మావా, ఆకలి మరచుటకు మరికొంచెము. వక్కముక్కలు, పొగాకు, సున్నము కలిపి నలిపినదే మావా. గుజరాతులో గుట్కా 2012లో నిషేధింపబడెను. కాని వక్క ఒక పొట్లముగాను పొగాకు వేరొక పొట్లముగాను దొరకునప్పుడు కలుపుకొనుట కెంతసేపు? పొగాకు లేని వక్క నిరపాయమని నమ్మువారు అనేకులు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లో ప్రచురించిన గ్రంథములో వక్కను సహితము క్యాన్సరు కారకముగా నిర్ధారించెను.

అట్టి కార్మికుడు ఒకడు కొంతకాలమునకు కారము తినలేకపోవును. నోరు మంట. మూడు వ్రేళ్లు నిలువుగా పట్టవలసిన నోట రెండే పట్టును. చెంప లోపల తెల్లని మచ్చయో ఎర్రని మచ్చయో కనబడును. అతడు ఎవరికిని చెప్పడు. ఆసుపత్రికి పోయిన ఆ దినపు కూలి పోవును. అంతకంటె, తెలిసికొనుటకే భయము.

లేవీయకాండము 13వ అధ్యాయమంతట యాజకుడు చేయవలసిన పని ఒకటే: చూచుట. చర్మముమీది మచ్చను చూచును, తొందరపడి తీర్పు చెప్పడు, ఏడు దినములైన తరువాత మరల చూచును. ఈ అధ్యాయము క్యాన్సరునుగూర్చినది కాదు. క్యాన్సరు అంటువ్యాధియు కాదు గనుక రోగిని పాళెము వెలుపలికి పంపవలసిన పనియు లేదు. కాని దాచక చూపుట, నిదానముగా చూచుట, మరల చూచుట అను క్రమము విశ్వాసమునకు విరోధమైనది కాదని ఇందువలన తేటపడుచున్నది. కేరళలోని తిరువనంతపురము జిల్లాలో 1996లో ప్రారంభమైన అధ్యయనములో, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు వెలుతురులో జనుల నోళ్లను పరీక్షించిరి; మూడేసి సంవత్సరములకు మరల పరీక్షించిరి. పొగాకుగాని మద్యముగాని వాడువారిలో నోటి క్యాన్సరు మరణములు 34 శాతము తగ్గెనని 2005లో ప్రకటింపబడెను. ఇంతకు కావలసినది పెద్ద యంత్రము కాదు, వెలుతురును నేర్పుగల కన్నును.

రెండు వారములు దాటినను మానని పుండును వైద్యునికి చూపవలెను. ముక్క తీసి పరీక్షించిన వ్యాధి ప్రాకునని మన జనులలో గట్టి భయమున్నది. అది సరికాదు, ఆ ముక్క లేనిదే వ్యాధి ఏదో తెలియదు, చికిత్స నిర్ణయింపబడదు. ఆరంభదశలో పలుమారు శస్త్రచికిత్స ఒక్కటియో కిరణచికిత్స ఒక్కటియో చాలును. ఆలస్యమైనచో దవడలో భాగము తీయుట, కిరణములు, మందులు అన్నియు కూడి వచ్చును. స్త్రీలు రొమ్ములోని గడ్డను, అకాల రక్తస్రావమును సిగ్గుచేత దాచుదురు. ప్రభుత్వ కార్యక్రమము ముప్పది ఏండ్లు దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారము పరీక్షింపవలెనని నిర్ణయించినది. పిలుపు వచ్చినప్పుడు వెళ్లుటయే మిగిలినది.

ఆసా రాజు వైద్యులను ఆశ్రయించెనని నిందింపబడలేదా యని అడుగువారుందురు (2 దినవృత్తాంతములు 16:12). ఆ అధ్యాయమును మొదటినుండి చదువవలెను. అతడు సిరియా రాజును ఆశ్రయించెను, గద్దించిన దీర్ఘదర్శిని బంధించెను. దేవుని విడిచిన జీవితములో వైద్యుడు చివరి మజిలీ మాత్రమే. హిజ్కియా దేవుని విడువలేదు, ముద్దను త్రోసివేయలేదు. లూకాను ప్రియ వైద్యుడని పిలిచిన పౌలు ఆ పిలుపులో ఏ తప్పును ఎంచలేదు (కొలొస్సయి 4:14).

సలాబత్‌పురాలోని ఆ కార్మికుని కొరకు ప్రార్థించు సంఘము ఒక దినపు కూలియు ఒక తోడును అతనికి ఇయ్యగలదు. చీటీ వ్రాయించు వరుసలో గుజరాతీ తెలిసిన ఒక సహోదరుడు ప్రక్కన నిలిచినయెడల, అతడు వైద్యుని యెదుట నోరు తెరచును.