తొవ్వ బాకీ

2025లో చైత్ర పున్నమి శనివారం పడింది. నల్లమల అడవిలో సలేశ్వరం లింగమయ్య జాతరకు వాలంటీరుగా పోయి, ఆదివారం రాత్రి అచ్చంపేటలో మామ ఇంటి అరుగు మీద కూలబడ్డాను. మోకాళ్లు నా మాట వినడం లేదు.

“ఏం చేసొచ్చినవ్ అల్లుడా?”

“తొవ్వ బాగుచేసినం మామా. సీసాలు, గుట్కా పొట్లాలు, తెగిన చెప్పులు ఏరినం. లోయలకు దిగేకాడ అడ్డమున్న రాళ్లు పక్కకు దొర్లించినం. ముసలోళ్లకు చెయ్యందించినం.”

“దాన్ని సేవ అంటవా?”

“అనకపోతే?”

“తిన్న కంచం కడుక్కుంటే సేవ అంటరా? అది బాకీ.”

చిరాకేసింది. “నేనేరినవి నేను పడేసినవి కావు గదా!”

“నువ్వు పడెయ్యలే. గని, మన్ననూరు చెక్‌పోస్టు దాటి, ఫర్హాబాద్ కాడికెళ్లి అడివిల జొచ్చిన గుంపుల నువ్వూ ఒకనివే. అది పులుల జాగ.”

నిజమే. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు. సలేశ్వరం లోయకు జనాన్ని వదిలేది ఏడాదికి ఈ జాతర రోజుల్లోనే. అయినా నేను ఊరుకోలేదు. అమెరికాలో 1937లో పూర్తయిన అపలాచియన్ కాలిబాట సంగతి ఎత్తాను. మూడున్నర వేల కిలోమీటర్లు. పడిపోయిన చెట్లు కోసేదీ, చెట్ల మీద తెల్లరంగు గుర్తులు దిద్దేదీ చాలావరకు వాలంటీర్లే. సెలవొస్తే రంపం పట్టుకుని పోతారు.

“మంచిదే. ఆడ తొవ్వ మాసిపోకుండ చూసుడు పని. ఈడ జాతరైనంక తొవ్వ మాసిపోవాలె. వానలకు గడ్డి మొలిచి, మనుషులొచ్చిన జాడ పోవాలె.”

“మాసిపోతే చెంచోళ్లు ఎట్ల తిరగాలె? మనకు జాతర తొవ్వ గని, అడివిల పెంటలల్ల, ఆ గూడేలల్ల ఉండేటోళ్లకు అది ఇంటి తొవ్వ.”

మామ చుట్ట ఆర్పి మళ్లీ వెలిగించాడు. జవాబు దొరకనప్పుడు ఆయన చేసే పని అదే. చెంచుల మీద మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ రాసిన పుస్తకం నాకు గుర్తొచ్చింది. అది 1943లో వచ్చింది. దుంపలు, కాయలు దొరికే కాలాన్ని బట్టి ఆనాటి చెంచులు మకాం మార్చేవారు. మకాంతో పాటు నడిచే జాడా మారేది కదా. దారిని కాపాడాలన్న ఆలోచన వారికి వచ్చి ఉంటుందా? ఒకేచోట వేలమంది దిగే మాలాంటివాళ్లకే ఆ బెంగ.

“పోయేటప్పుడు ఏమని అరుస్తం?” అన్నాడు మామ చివరికి.

“వస్తున్నం లింగమయ్యా అని.”

“మర్లి వచ్చేటప్పుడు?”

“పోయొస్తం లింగమయ్యా.”

“అంటే మనం చుట్టాలం. చుట్టపోడు ఇల్లు సర్దుతడా?”

“ఇల్లు ఖరాబు చేసి పోతడా మరి? పూజ చేసేది చెంచోళ్లు. మనం పారేసింది గూడ వాళ్లే ఎత్తాల్నా?”

మామ నవ్వాడు. ఆ మాట మాత్రం ఒప్పుకున్నాడు. నేనూ ఒకటి ఒప్పుకోవలసి వచ్చింది. గంజి కాసేచోట పొయ్యి చుట్టూ ఎండుటాకు ఊడ్చాం. చైత్రంలో ఒక్క బీడీ నిప్పు చాలు గుట్ట అంటుకోవడానికి. అయితే ఆ ఆకే వానలకు కుళ్లి నేలకు బలమవుతుంది. ఎక్కడిదాకా ఊడవాలి? ఎవరో ఒకచోట చీపురు ఆపాలి. మాకు చేతులు నొచ్చినచోట ఆపాం. అంతకుమించిన లెక్కేమీ లేదు.

“అవునుగని, గుండం కనవడే మలుపుకాడ ఒక బల్లపరుపు రాయి ఉండాలె, తొవ్వకు అడ్డంగ. చూసినవా?”

“ఎందుకు మామా?”

“మీ అమ్మమ్మ ఎప్పుడొచ్చినా దాని మీదనే కూసునేది. ఆడ దమ్ము తీసుకొని, కొంగుల మూటగట్టిన పేలాలు మాకు పంచేది.”

పక్కకు దొర్లించిన రాళ్లను ఒక్కొక్కటే గుర్తుచేసుకుంటూ కూర్చున్నాను. ఒకదాన్ని కదిలించడానికి నలుగురం పట్టాం. దాని పైభాగం నున్నగా ఉంది.