సముద్రము దాటిన కానుక

దానమునకు గొప్పతనము వస్తువు వలన కలుగునా, ఇచ్చువాని మనస్సు వలన కలుగునా అను ప్రశ్న ప్రాచీనమైనది. స్వదేశమును విడిచి సముద్రమునకు ఆవల కొలువు చేయు సైనికునకు, అతని ముఖమైనను ఎరుగని గృహస్థులు పంపు చిన్న మూటను గూర్చి యోచించినప్పుడు ఈ ప్రశ్నకు మరికొంత లోతు కలుగుచున్నది. సైనికునకు అన్నవస్త్రములను ప్రభుత్వమే సమకూర్చును. అట్టివానికి పిడికెడు తీపి, ఒక జత మేజోళ్లు, నాలుగు మాటల జాబు పంపుట దానమగునా? ఆయుధము పట్టినవానికి చేసిన ఉపకారమున హింసాదోషము అంటదా?

మొదటి సందేహమునకు శ్రీమద్రామాయణము సమాధానము చెప్పుచున్నది. అశోకవనమున సీతమ్మవారికి కొరవడినది ఐశ్వర్యము కాదు. లంకావైభవమంతయు నీదే యని రావణుడు పలికినను ఆ తల్లి దానిని తృణముగా ఎంచినది. శ్రీరామచంద్రుడు హనుమంతునిచేత పంపినది ఒక్క ఉంగరము. అది ఆకలి తీర్చలేదు, చెర విడిపించలేదు. స్వామి తనను మరువలేదన్న ఒక్క విషయమును సముద్రము దాటించి తెచ్చినది. నిరాశ నిండిన హృదయమున ఆనందము అంకురించుటకు అదియే చాలినది. దూరముననున్న వారికి వస్తువుకంటె స్మరణమే ప్రధానము.

అయితే స్మరణమునకు వివేకము తోడు కావలెను. 1914లో భారతీయ సైనికులు వేలకొలదిగా ఫ్రాన్సు దేశమున యుద్ధము చేయుచుండగా, ఐదవ జార్జి చక్రవర్తి కుమార్తె మేరీ పేర సైనికులకందరకు ఇత్తడి పెట్టెలలో కానుకలు పంపు ఏర్పాటు జరిగినది. ఆంగ్లేయులలో పలువురకు పొగాకు పంపిరి. పొగాకు నిషిద్ధమైన సిక్కులకు పటికబెల్లమును, సుగంధద్రవ్యముల చిన్న డబ్బీని పంపిరి. పాలకుల రాజనీతి ఎట్టిదైనను, పుచ్చుకొనువాని ఆచారమును ఎరిగి ఇచ్చిన ఈ పద్ధతి మెచ్చదగినది. దేశమును, కాలమును, పాత్రమును ఎరిగి, ప్రత్యుపకారము కోరక ఇచ్చునదే సాత్త్విక దానమని గీతాచార్యుడు పదునేడవ అధ్యాయమున ఉపదేశించెను. మన ఇంట మిగిలినది పంపుట వేరు, అతనికి పనికివచ్చునది పంపుట వేరు.

ఇక హింసను గూర్చిన సందేహము. గీత అవతరించినది యుద్ధభూమియందే. కర్తవ్యమును వదలుమని కాక, ద్వేషమును వదలుమని భగవానుడు అర్జునునకు బోధించెను. యుద్ధము ధర్మ్యమా, అధర్మ్యమా అని నిర్ణయించు భారము దానిని నడపువారిపై ముఖ్యముగా నుండును. చలికి వణకువాడు మాత్రము ఒక తల్లి బిడ్డయే. వానికి పంపిన కంబళి ఆయుధము కాదు. కాని ఆ మూటలోని జాబున ఎదుటివానిని దూషించు మాట ఒక్కటి యున్నను, కంబళితోపాటు ద్వేషమును పంపినట్లే. అతడు క్షేమముగా తిరిగి రావలెనన్న ప్రార్థనయే అందుండవలెను.

ఐక్యరాజ్యసమితి శాంతిదళములలో చేరి విదేశములకేగిన మన సైనికులకు ఇంటివారు వ్రాయు జాబులు 56 ఎ.పి.ఓ. అను సేనా తపాలా చిరునామాతో పోవుట కలదు. అతడు ఏ దేశమున, ఏ గుడారమున ఉన్నదియు ఆ చిరునామా తెలుపదు. ఎచ్చట నున్నాడో కానరాకున్నను చేరునన్న విశ్వాసముతో అర్పించుట భక్తులకు క్రొత్త కాదు గదా!

అయినను ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. కుచేలుని నాలుగు పిడికెళ్ల అటుకులను స్వీకరించిన శ్రీకృష్ణుడు అంతకుముందే, మాసిన బట్టలతో వచ్చిన ఆ స్నేహితుని ఎదురేగి కౌగిలించుకొనెను, పాదములు కడిగెను. దూరముననున్న సైనికునకు మూట పంపి సంతసించిన ఊరు, అతడు అవయవము కోల్పోయి తిరిగివచ్చిన నాడు తలుపు తెరువకున్నచో, ఆ మూట దానము కాదు, వేడుక మాత్రమే. తిరిగిరాని వాని వృద్ధులైన తల్లిదండ్రులు ఏ వీధిలో నున్నారో విచారింపని వారికి, దూరదేశమునకు పంపిన తీపి పుణ్యము నీయజాలదు.

కావున గృహస్థులు మూట కట్టునప్పుడు ముందుగా దానిని స్వామి సన్నిధినుంచి నమస్కరింతురు గాక! పంపిన పిదప తమ పేరును మరతురు గాక! పుచ్చుకొన్న వానిని మాత్రము, అతడు ఇల్లు చేరిన తరువాత కూడ, మరువకుందురు గాక!