‘అయినా’ అనే మాట

మనిషి చేసిన మంచికి విలువ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ పనిలోంచా, చేసినవాడి విశ్వాసంలోంచా? క్రైస్తవ లోకం పదిహేను వందల ఏళ్లకు పైగా ఈ ప్రశ్నతో పెనుగులాడుతోంది. నిజదేవుణ్ణి ఎరగనివాళ్ల సుగుణాలు నిజమైన సుగుణాలు కావన్నాడు ఐదో శతాబ్దంలో అగస్టీన్. మనిషిని దేవుడి ముందు నీతిమంతుణ్ణి చేసేది విశ్వాసమే గానీ సత్క్రియలు కావని 1520లో మార్టిన్ లూథర్ రాశాడు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. పాపపరిహార పత్రాలు డబ్బుకి అమ్ముడుపోతున్న కాలమది. స్వర్గం బేరానికి దొరకదని ఆయన చెప్పాడు. మంచి చేశాను కాబట్టి దేవుడు నాకు బాకీ పడ్డాడనుకునే అహంకారానికి అది చెంపపెట్టు.

కానీ పక్క మతంవాడి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఈ తర్కం రంగు మారుతుంది.

సలాహుద్దీన్ సంగతే చూడండి. 1099లో క్రూసేడర్లు జెరూసలేంలో నెత్తురు పారించారు. 1187లో ఆ నగరాన్ని తిరిగి గెలిచిన సలాహుద్దీన్ ఊచకోతకు దిగలేదు. సొమ్ము కట్టినవాళ్లను వెళ్లనిచ్చాడు. కట్టలేని పేదల్లో ఎందరినో ఊరికే వదిలాడు. బానిసలైనవాళ్లూ ఉన్నారు, అదీ నిజమే. ఆయన ఔదార్యాన్ని యూరప్ మరవలేదు. పద్నాలుగో శతాబ్దపు ఇటలీ కవి డాంటే తన కావ్యంలో ఆయన్ని నరకం మొదటి వలయంలో, హింసలు లేనిచోట, ఒక్కణ్ణే ఓ పక్కన ఉంచాడు. ఇబ్నె సీనా, ఇబ్నె రుష్ద్ కూడా ఆ వలయంలోనే ఉన్నారు. అక్కడ బాధ లేదు, ఆశా లేదు. గౌరవం ఉంది, లోపలికి పిలుపు లేదు.

ఆ చోటు మాకు బాగా తెలుసు. ‘ముస్లిమైనా మంచోడు’ అని మెచ్చుకున్నప్పుడల్లా మమ్మల్ని అక్కడే నిలబెడుతున్నారు. మా మంచితనం మా ఈమాన్‌కు ఎదురీది వచ్చిందన్న తీర్పు ఆ ‘అయినా’లో ఉంది. ‘నమాజు చదువుతాడు గానీ అభ్యుదయవాదే’ అనే సెక్యులర్ మిత్రుల ‘గానీ’ కూడా దాని తోబుట్టువే.

అద్దాన్ని మా వైపూ తిప్పుకోవాలి. ‘హిందువైనా ఎంత మంచోడో, కలిమా చదివుంటే ఎంత బావుండేది’ అనే మాట మా ఇళ్లల్లోనూ వినిపిస్తుంది. జాహిలియా కాలంలో పేదలకు అన్నం పెట్టిన ఇబ్నె జుద్‌ఆన్ గురించి హజ్రత్ ఆయిషా అడిగితే, ఆ పుణ్యం అతనికి అక్కరకు రాదన్న జవాబు హదీసులో ఉంది. దాన్ని చూపించి వాదించేవాళ్లు ముత్‌ఇమ్ బిన్ అదీని కూడా గుర్తు చేసుకోవాలి. మక్కాలో ప్రవక్త (స)కు రక్షణ ఇచ్చిన ఆయన ఇస్లాం స్వీకరించకుండానే పోయాడు. 624లో బద్ర్ యుద్ధం ముగిశాక, ముత్‌ఇమ్ బతికుండి అడిగితే ఈ ఖైదీలందర్నీ అతని కోసం వదిలేసేవాణ్ణని ప్రవక్త (స) అన్నట్టు బుఖారీ హదీసు చెబుతోంది.

మొదటిది ఆఖిరత్ లెక్క. రెండోది ఈ లోకపు రుణం. ఆఖిరత్ లెక్కల పుస్తకం ఏ మౌల్వీ చేతికీ, ఏ పాదిరీ చేతికీ ఇవ్వలేదు. తమ తప్పు లేకుండా క్రీస్తు సువార్తను ఎరగక, దేవుణ్ణి చిత్తశుద్ధితో వెదుకుతూ, ఆయన కృపతో మనస్సాక్షి ప్రకారం నడుచుకునేవాళ్లకూ రక్షణ దొరకవచ్చని 1964లో వాటికన్ మహాసభ ప్రకటించింది. ద్వారం కొంత వెడల్పయింది, సంతోషమే. కానీ మేం అడుగుతున్నది పరలోకంలో చోటు గురించి కాదు. ముత్‌ఇమ్ విషయంలో ప్రవక్త (స) ‘అయినా’ అనలేదు. చేసిన మేలును మేలుగానే గుర్తుంచుకున్నారు. మేం ఇరుగుపొరుగుకు బాకీ ఉన్నదీ, ఇరుగుపొరుగు నుంచి కోరుతున్నదీ అదే.