ఎండపొడ వాలే చోటు

మట్టిమిద్దెలో పెరిగినవాళ్లకు గవాచి గురించి చెప్పక్కర్లేదు. పైకప్పులో వదిలిన కంత అది. పొగ పోవడానికీ, వెలుగు రావడానికీ అదే దారి. వానొస్తే పైన బండ కప్పేవాళ్లు. మా జేజి ఇంట్లో గడియారం ఉండేది గానీ ఆమె దాన్ని చూసింది తక్కువ. గవాచిలోంచి దిగిన ఎండపొడ పొద్దున పడమటి గోడ మీద ఉండి, మెల్లగా జారి, నాపబండల మీదుగా రోలు దగ్గరికి వచ్చేది. "అబ్బీ, ఎండ రోలుకాడికొచ్చె, సద్ది తీస్కపో" అనేది. ఆ వెలుగులో దుమ్ము నలుసులు తేలుతుండేవి. నేను అరచెయ్యి అడ్డం పెట్టేవాణ్ని. నేల మీది ఎండ నా చేతిలోకి వచ్చేది. చెయ్యి తీస్తే మళ్లీ నేల మీదికి పోయేది.

అమెరికా కళాకారుడు జేమ్స్ టరెల్ 1970ల నుంచి కడుతూ వచ్చిన గదుల గురించి చదివినప్పుడు నాకు ఆ మిద్దే గుర్తొచ్చింది. ఆ గదుల్లో బొమ్మ ఉండదు, పటం ఉండదు. పైకప్పులో ఒక కంత, చుట్టూ కూర్చోడానికి అరుగులు. ఆకాశం రంగు మారేదాకా చూస్తూ కూర్చోవడమే అక్కడ పని. మా జేజిని కళాకారిణి అనను. కానీ వెలుగు ఇంట్లో ఏ పూట ఎక్కడుంటుందో ఆమెకు తెలుసు. స్లాబు ఇంట్లోకి మారాక నాకు తెలియకుండా పోయింది అదే. ట్యూబులైటు కింద అన్ని మూలలూ ఒకటే, అన్ని పూటలూ ఒకటే.

వెలుగు సంగతి అలా ఉన్నా, కడప జిల్లాలోని మా ఎర్రగుంట్లలో రాయికి కరువు లేదు. స్టేషన్ దిగి ఊరు దాటితే బండల దొంతరలు, రంపాల రొద, సున్నపురాయి మోసే లారీలు. కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పొర మీద పొరగా పేరుకున్న రాయి ఇది. భూగర్భ శాస్త్రంలో దీని పేరు నార్జి సున్నపురాయి. పొరలున్నాయి కాబట్టే ఉలి పెట్టి కొడితే పలకలుగా లేస్తుంది. దేశమంతా వంటగట్లకు పోయే కడప బండ ఇదే. ఒకరోజు పాలిష్ ఫ్యాక్టరీ వెనక పారేసిన ముక్కల కుప్పలో నాకొక రాయి కనిపించింది. మోకాలెత్తు. ఒక పక్క రంపం కోసిన నున్నటి గీత, మిగతా పక్కలన్నీ విరిగినవే. విరిగినచోట పొరలు మెట్లుమెట్లుగా, గోరంత మందాన. తడి చేత్తో తుడిస్తే బూడిద రంగు కాస్తా నీలి నలుపైంది.

"దీన్నేం చేసుకుంటావన్నా, గుంజకు కూడా పనికిరాదే" అన్నాడు అక్కడి పనివాడు.

ఇంటికి తెచ్చి హాల్లో, టీవీ పక్కన, ట్యూబులైటు ఎదురుగా నిలబెట్టాను. చచ్చిపోయింది రాయి. కుప్పలో చూసింది ఇదేనా అనిపించింది.

ఎక్కడ తప్పు చేశానో శాసనాలు చదివేవాళ్ల వల్ల తెలిసింది. ఇప్పటిదాకా తెలిసిన మొట్టమొదటి తెలుగు శాసనం మా మండలంలోని కలమళ్లదే. క్రీ.శ. 575 నాటిదని చెప్పే ఆ శాసనం రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడిది. ఇలాంటి అరిగిన రాతలు ఎండ నేరుగా మీద పడుతున్నప్పుడు చదవడం కష్టం. పొద్దునో సాయంత్రమో, ఎండ రాయిని పక్కనుంచి రాసుకుంటూ పోయేటప్పుడు గీత గీతలో నీడ నిలుస్తుంది, అక్షరం లేస్తుంది. ఎదురుగా వేసిన వెలుగు గుంటనూ మిట్టనూ ఒకటి చేస్తుంది. పక్కనుంచి పడిన వెలుగు రెంటినీ విడదీస్తుంది. ఇంట్లో రాతిబొమ్మ పెట్టుకునేవాళ్లకు ఇంతకు మించి నేను చెప్పగలిగేది లేదు.

రాయిని తీసి పడమటి కిటికీ పక్క మూలకు మార్చాను. సాయంత్రం నాలుగున్నరకు ఎండ కిటికీలోంచి ఏటవాలుగా వచ్చి మెట్లన్నిటినీ ఒక్కొక్కటిగా ముట్టుకుంటుంది. రాత్రికి నేల మీద, రాయికి జానెడు దూరంలో ఒక చిన్న ఎల్ఈడీ దీపం. 6500 కెల్విన్‌ల తెల్లదీపం పెట్టి చూశాను, ఆసుపత్రిలా ఉంది. 2700ది పెట్టాక నూనెదీపం ఛాయ వచ్చింది. అద్దంలా పాలిష్ పట్టిన నల్లబండ అయితే దీపాన్నే మనకు తిరిగి చూపిస్తుంది. గరుకు రాయి వెలుగును తనలో దాచుకుంటుంది. నాకు గరుకుదే ఇష్టం.

ఇదేందని అందరూ అడిగారు. ఏదీ కాదంటే ఊరుకోరు. పక్కింటి పెద్దమ్మ ఒకరోజు నేను లేనప్పుడు వచ్చి పసుపు రాసి కుంకుమ పెట్టి పోయింది. మొదట చిన్నబుచ్చుకున్నాను. తర్వాత ఆలోచించాను. ఊరి నడుమ బొడ్రాయికి కన్నూ ముక్కూ ఎవరు చెక్కారు? ముఖం లేని రాయి ముందు నిలబడటం మనకు కొత్త కాదు. నైరూప్య శిల్పం అనే మాటే కొత్త.

ఆ దారిలో పోయినవాడు మన సీమలోనూ ఉన్నాడు. చిత్తూరు దగ్గర నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి, శాంతినికేతన్‌లో చదివి, లండన్‌లో హెన్రీ మూర్ దగ్గరా, పారిస్‌లో జాడ్‌కిన్ దగ్గరా శిల్పం నేర్చాడు. ప్రింటు తీసే లోహపు పలకను కూడా శిల్పి చేత్తోనే తొలిచాడు. చిక్కదనం వేరువేరుగా ఉన్న రంగుల్ని ఒకే పలక మీద ఒకదానితో ఒకటి కలిసిపోకుండా పట్టే పద్ధతికి ముందు చెప్పే పేర్లలో ఆయనది ఒకటి. ఆయన చేసినవాటిలో నీళ్లు పదే పదే వస్తాయి: అల, సుడి. ఎండిన నేల నుంచి పోయినవాడి కంటికి నీళ్లు అలా పట్టుకున్నాయనుకుంటే నాకు గుండె నిండుతుంది. 1964లో మాంట్రియల్ కొండ మీది పార్కులో ప్రపంచ శిల్పులు కలిసి పని చేసినప్పుడు ఆయనా ఒకడు.

మళ్లీ వెలుగు దగ్గరికే వస్తే, లండన్‌లో ఒకప్పటి కరెంటు కేంద్రం ఇప్పుడు టేట్ మోడరన్ అనే కళా ప్రదర్శనశాల. 2003లో కళాకారుడు ఒలాఫర్ ఎలియాసన్ అక్కడి టర్బైన్ హాల్లో పసుపుపచ్చ సోడియం దీపాలతో ఒక సూర్యుణ్ని నిలబెట్టాడు. 20 లక్షల మందికి పైగా వచ్చారు, చాలామంది నేల మీద పడుకుని పైన అద్దాల్లో తమను తాము చూసుకున్నారు. కలమళ్లలో మన థర్మల్ కేంద్రం గొట్టాల పక్కగా పోయినప్పుడల్లా నాకు ఆ సూర్యుడు గుర్తొస్తాడు. ఊళ్లో వీధిదీపాలు కూడా ఒకప్పుడు అదే పసుపు.

ఈ రాయితో కాపురం చేసి మూడేళ్లయింది. సాయంత్రం కాఫీ గ్లాసుతో దాని ఎదురుగా కూర్చుంటాను. ఫోను లోపలి గదిలో ఉంటుంది. పావుగంట. పెద్దమ్మ పెట్టిన పసుపు పొరల సందుల్లో ఇంకా కొంచెం ఉంది, ఎండ తగిలితే మెరుస్తుంది. తుడవలేదు.

కార్తీకం వచ్చాక పొద్దు దక్షిణానికి జరిగింది. నిన్న చూస్తే ఎండ రాయిని తప్పించుకుని జానెడు ఉత్తరంగా గోడ మీద పడుతోంది. రేపు మా వాణ్ని పిలవాల, రాయిని ఇద్దరం పట్టి జరపాల.