మనవలను దాటి వెళ్లే ప్రయాణం

అరవై దాటిన తెలుగు దంపతులు పెద్ద పెద్ద సూట్‌కేసులతో అమెరికా విమానం ఎక్కుతున్నారంటే ఎందుకని ఎవరూ అడగరు. కూతురికో కోడలికో నెలలు నిండి ఉంటాయి. పెట్టెల్లో ఆవకాయ, కందిపొడి, బాలింతకు పెట్టే కారప్పొడి, ఆర్నెల్లకు సరిపడా బీపీ మాత్రలు. అదే వయసులో, ఆ అమెరికాలోనే, యూటా రాష్ట్రంలో ఇంకొందరు దంపతులు పెట్టెలు సర్దుకుంటుంటారు. వాళ్లదీ పరదేశ ప్రయాణమే, వాళ్ల పెట్టెల్లోనూ బీపీ మాత్రలుంటాయి. మనవాళ్లు మనవల దగ్గరికి వెళ్తారు. వాళ్లు మనవలను వదిలి వెళ్తారు.

వీళ్లు కడవరి దిన పరిశుద్ధుల సంఘానికి చెందినవాళ్లు. లోకం మోర్మన్లని పిలిచే ఈ సంఘం 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో మొదలై, ఇప్పుడు సాల్ట్‌లేక్ సిటీ కేంద్రంగా నడుస్తోంది. తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్ల బ్యాడ్జితో ఇద్దరిద్దరుగా వీధుల్లో తిరిగే కుర్రాళ్లు దీని గుర్తు. 18 ఏళ్లు నిండిన అబ్బాయిలు రెండేళ్లపాటు చేసే మిషనరీ సేవ అది. అదే నల్ల బ్యాడ్జి పెట్టుకుని 65, 70 ఏళ్ల భార్యాభర్తలు కూడా వెళ్తారన్న సంగతి బయటివాళ్లకు అంతగా తెలియదు. తమ మీద ఆధారపడిన పిల్లలు ఇంట్లో ఉండకూడదు, ఒంట్లో ఓపిక ఉండాలి, ఖర్చు తామే పెట్టుకోవాలి. జీతం లేదు. గడువు 6 నెలల నుంచి 23 నెలల దాకా. పరదేశంలో ఇంటి అద్దె తడిసి మోపెడవకుండా, వసతి ఖర్చు నెలకు 1,400 డాలర్లు దాటితే ఆ పైది సంఘమే భరించే ఏర్పాటు 2011లో వచ్చింది. ఫలానా చోటికైతే బాగుంటుందని దంపతులు తమ ఇష్టం చెప్పుకోవచ్చు. నిర్ణయం మాత్రం సాల్ట్‌లేక్ సిటీది. ఒకప్పుడు ఎక్కడికి వెళ్లాలో చెప్పే ఆ పిలుపు పోస్టులో పెద్ద కవరుగా వచ్చేది. 2018 నుంచి ఆన్‌లైన్‌లో వస్తోంది.

2001 ఏప్రిల్‌లో జరిగిన సంఘ మహాసభలో రాబర్ట్ డి. హేల్స్, అప్పటి సంఘ నాయకులైన పన్నెండుమంది అపొస్తలుల్లో ఒకరు, పెద్ద వయసు దంపతులు ఎందుకు వెనకాడుతున్నారో విడమరచి చెప్పారు. ఆయన లెక్కలో అడ్డంకులు నాలుగు: భయం, కుటుంబం గురించిన బెంగ, తమకు తగిన పని దొరుకుతుందా అన్న అనుమానం, డబ్బు. వీటిలో డబ్బు సంగతి కాగితం మీద తేలిపోతుంది. పని సంగతీ అంతే. మిషన్ ఆఫీసులో లెక్కలు రాసేవాళ్లు కావాలి, తాగునీటి పథకాలను చూసుకునేవాళ్లు కావాలి, ఊరుగాని ఊళ్లో కుర్ర మిషనరీలకు జ్వరం వస్తే మందు ఇప్పించేవాళ్లు కావాలి. భయం ఎవరికి ఎంతన్నది వాళ్ల స్వభావాన్ని బట్టి ఉంటుంది. మిగిలిన ఆ ఒక్కటి, కుటుంబం గురించిన బెంగ, అంత తేలిగ్గా అంతు చిక్కదు. మేం లేకపోతే పిల్లలకు ఎలా అని పైకి అంటారు. మేం లేకపోయినా వాళ్లకు గడిచిపోతుందేమో అన్నది లోపలి మాట. రెండో మాటను ఎదుర్కోవడమే ఈ ప్రయాణంలోని అసలు కష్టమని, దాని విలువ కూడా అక్కడే ఉందని ఈ వ్యాసం నమ్మకం.

మన పాతవాళ్లకు ఈ సంగతి తెలియకపోలేదు. మనుస్మృతి ఆరో అధ్యాయం మొదట్లోనే వానప్రస్థం ఎప్పుడో చెబుతుంది. ఒంటి మీద ముడతలు, తల మీద నెరుపు, కొడుక్కి కొడుకు కనిపించాక గృహస్థు అడవికి బయల్దేరాలి. భార్యను కొడుకులకు అప్పగించి వెళ్లవచ్చు, వెంట తీసుకునీ వెళ్లవచ్చు. అంటే మనవడు పుట్టడమే లేచి నడవమనే గుర్తు. ఇప్పుడు మన ఇళ్లలో అదే ఆగిపోవడానికి కారణం. కృష్ణా రామా అనుకుంటూ ఓ మూల కూర్చోమని పెద్దవాళ్లకు చెబుతాం, ఆ మూల మాత్రం ఇంట్లోనే ఉండాలి, వేళకు మనవణ్ని బడినుంచి తీసుకురావాలి. అడవికి వెళ్లినవాడు లోకం పని మానుకుంటాడు, యూటా దంపతులు కొత్త పని నెత్తికెత్తుకుంటారు. ఆ తేడా చిన్నది కాదు. ఇల్లు ఇంకొకరి చేతుల్లో పెట్టి గడప దాటడం దగ్గర మాత్రం ఇద్దరూ కలుస్తారు.

ఆ అప్పగింత ఎలా ఉంటుందో తెలియాలంటే బయల్దేరబోయే ఒక ఇంటిని ఊహించుకోవాలి. ముందు డాక్టరు సంతకం, ఆ తర్వాత పళ్ల డాక్టరు సంతకం. పంటి నొప్పికి ఐదు గంటలు ప్రయాణం చేయాల్సిన చోట పుచ్చిన పన్ను చిన్న విషయం కాదు గనక దరఖాస్తులో దానికీ చోటుంది. స్థానిక బిషప్‌తో ఒక మాట, ఆయన పైవారితో ఒక మాట. అది అయ్యాక భోజనాల బల్ల మీద కాగితాలు పరుచుకుంటాయి. ఇంటి పత్రాలు, ఇన్సూరెన్సు, బ్యాంకు లావాదేవీలకు పెద్దకొడుకు పేర పవర్ ఆఫ్ అటార్నీ, వీలునామా తాజా ప్రతి, కారు రెండో తాళం. చలికాలం నీళ్ల గొట్టాలు గడ్డకట్టకుండా ఏ వాల్వు ఏ పక్కకు తిప్పాలో ఇంటాయన బొమ్మ గీసి మరీ రాస్తాడు. కొడుకు దాన్ని ఫోనులో ఫొటో తీసుకుని, సరే నాన్నా అంటాడు. ఆయన అంతటితో ఊరుకోడు, రెండోసారి చెబుతాడు. వంటగదిలో ఆవిడ 18 నెలల్లో వచ్చే పుట్టినరోజులన్నీ లెక్కవేసి, ఒక్కో మనవడికీ మనవరాలికీ కార్డు రాసి, కవరు మీద తేదీ వేసి, చెప్పుల పెట్టెలో వరసగా పేర్చి కూతురి చేతికిస్తుంది. చిన్న మనవడికి ఇప్పుడు రెండేళ్లు. మూడో ఏటి కార్డు రాయడానికి ఆవిడకు అందరి కార్డులకన్నా ఎక్కువసేపు పడుతుంది, అప్పటికి వాడికి ఏమేం ఇష్టమవుతాయో తెలియదు కదా.

ఈ పనుల్లో చాలావరకు మామూలుగా మనిషి పోయాక వారసుల మీద పడేవి. ఏ బీరువాలో ఏముందో తెలియక, ఎక్కడ ఏ సంతకం కావాలో తెలియక పిల్లలు దిక్కుతోచక తిరగడం ప్రతి ఊళ్లోనూ చూస్తాం. మన ఇళ్లలో కొంగున ముడేసుకున్న బీరువా తాళం కోడలి చేతికి మారే రోజు తరచు దినవారాల్లోనే వస్తుంది. ఇక్కడ అది తల్లిదండ్రులు ఎదురుగా కూర్చుని, మాట్లాడగలిగే స్థితిలో, ప్రశ్నకు జవాబు చెబుతూ జరుగుతుంది. తిరుగు టికెట్టు ఉన్న వీడ్కోలు గనక ఎవరూ ఏడవాల్సిన పని లేదు, ఏడ్చినా తప్పు లేదు. మతంతో సంబంధం లేకుండా ఏ ఇంట్లోనైనా ఇలాంటి అప్పగింత ఒకసారి జరిగితే బాగుండునని అనిపిస్తుంది.

ఇంకో మార్పు భార్యాభర్తల మధ్య వస్తుంది. ఈ సంఘంలో మిషనరీ ఒంటరిగా ఉండడు. కుర్రాళ్లకు జతగాణ్ని పైవాళ్లు నిర్ణయిస్తారు, కొన్ని నెలలకోసారి మారుస్తారు. దంపతులకు ఆ జత ఒకరికొకరే. నలభై ఏళ్లు కాపురం చేసినవాళ్లకు ఇందులో కొత్తేముందనిపిస్తుంది. కానీ ఆ నలభై ఏళ్లూ ఆయన ఆఫీసు ఆయనది, ఆవిడ పిల్లలూ ఇల్లూ ఉద్యోగమూ ఆవిడవి, కలిసేది రాత్రి భోజనం దగ్గర. ఇప్పుడు పొద్దున్నుంచి రాత్రిదాకా ఒకే పని, ఒకే బల్ల. ఈ సంఘం 1938 నుంచి దేశదేశాల జనన, వివాహ, మరణ రికార్డులను మైక్రోఫిల్ముల్లోకి ఎక్కించి, సాల్ట్‌లేక్ సిటీ దగ్గర గ్రానైట్ కొండను తొలిచి కట్టిన ఖజానాలో దాచింది. ఇప్పుడు ఆ పని డిజిటల్ కెమెరాలతో సాగుతోంది, పెద్ద వయసు దంపతుల్లో కొందరికి పడే పని అదే. ఏ పాత కార్యాలయంలోనో ఒకరు దుమ్ము దులిపి పేజీ తిప్పాలి, ఇంకొకరు ఫొటో తీయాలి. ముక్కూమొహం తెలియని వాళ్ల తాతముత్తాతల పేర్లు నెలల తరబడి అలా కళ్లముందు వెళ్తుంటే, వేలమైళ్ల అవతల తమ మనవలు తమను మరిచిపోతారేమోనన్న దిగులుకు ఒక కొత్త కొలత దొరుకుతుంది.

దంపతులు కలిసి వెళ్లడం మొదటినుంచీ ఉన్నది కాదు. 1839 సెప్టెంబరులో సంఘం తొలి నాయకుల్లో ఒకరైన బ్రిగమ్ యంగ్ ఇంగ్లండుకు బయల్దేరినప్పుడు ఆయనకు ఒంట్లో బాగోలేదు, ఇంట్లో భార్య పది రోజుల బాలింత. 1843లో ఆడిసన్ ప్రాట్ అనే మిషనరీ పసిఫిక్ దీవులకు వెళ్లి అయిదేళ్లదాకా తిరిగి రాలేదు. భార్య లూయిసా బార్న్స్ ప్రాట్ ఈలోపు నలుగురు ఆడపిల్లలతో, మగదిక్కు లేకుండా బండి కట్టుకుని సగం దేశం దాటి సాల్ట్‌లేక్ లోయ చేరుకుంది. 1849లో ఆయన మళ్లీ వెళ్లాల్సి వచ్చింది, 1850లో ఆవిడ కూడా పిల్లల్ని వెంటబెట్టుకుని టుబువాయి దీవికి ఓడ ఎక్కింది, అక్కడి ఆడవాళ్లకూ పిల్లలకూ చదువు చెప్పింది. అప్పటికి ఆవిడ వయసు యాభైకి దగ్గర పడుతోంది. మిషన్ చరిత్రలు మగవాళ్ల పేర్లతో నిండి ఉంటాయి గనక ఈ పేరును గుర్తుపెట్టుకోవడం అవసరం.

తెలుగు నేలకూ ఈ కథలో ఒక చోటుంది. సమోవాలో శాస్త్రవేత్తగా పనిచేస్తున్న ఎడ్విన్ ధర్మరాజు, ఆయన భార్య ఎల్సీ అక్కడే ఈ సంఘంలో చేరారు. 1978 చివర్లో వాళ్లిద్దరినీ సంఘం హైదరాబాద్‌కు కొద్దికాలపు మిషన్ మీద పంపింది. వాళ్ల విషయంలో దిక్కు తిరగబడింది, పరదేశం నుంచి సొంతవాళ్ల దగ్గరికి రావడమే వాళ్ల మిషన్. బాప్తిస్మం తీసుకున్నవాళ్లలో ఎక్కువమంది వాళ్ల బంధువులే. సంఘం పవిత్ర గ్రంథమైన మోర్మన్ గ్రంథాన్ని తెలుగు చేయడానికి పూనుకున్నది బాప్టిస్టు పాస్టరైన ఎల్సీ తండ్రి. 2012లో ఈ సంఘం భారతదేశంలో మొట్టమొదటి స్టేక్‌ను, అంటే పలు స్థానిక సంఘాలు కలిసిన విభాగాన్ని, హైదరాబాద్‌లోనే ఏర్పాటు చేసింది.

మత ప్రచారం మీద మన దగ్గర గట్టి అభిప్రాయ భేదాలున్నాయి, ఉండటంలో తప్పు లేదు. ఒకరి విశ్వాసాన్ని మార్చడానికి ఇంకొకరు సముద్రాలు దాటి రావడం చాలామందికి నచ్చదు. పెద్ద వయసు దంపతుల పనిలో ఇంటింటి ప్రచారం తక్కువ, చేదోడు ఎక్కువ అన్నది నిజమే అయినా, వాళ్లు వెళ్లేది విశ్వాసం పంపితేనే. దాన్ని దాచి చెప్పనక్కర్లేదు. ఆ విశ్వాసాన్ని ఒప్పుకోనివాళ్లు కూడా గమనించదగ్గది ఒకటుంది. జీవితమంతా పదిమందికి పని పురమాయించిన మనిషి, అక్కడ తనకన్నా పదిహేనేళ్లు చిన్నవాడైన మిషన్ అధ్యక్షుడు చెప్పిన పని చేస్తాడు. ఆయన బ్యాడ్జికీ 19 ఏళ్ల కుర్రాడి బ్యాడ్జికీ తేడా లేదు. కూరగాయల కొట్లో బేరమాడటానికి భాష రాదు, చిల్లర లెక్కపెట్టుకోవడం కొత్తగా నేర్చుకోవాలి. పెద్దరికం అనే వస్తువును ఇంట్లో పెట్టి తాళం వేసి వచ్చినట్టే.

మనవల సంగతి ఇప్పుడు ఒకప్పుడంత కఠినంగా లేదు. 2019 ఫిబ్రవరి దాకా కుర్ర మిషనరీలు ఇంటికి ఫోన్ చేయడానికి ఏడాదికి రెండే సందర్భాలుండేవి, ఆ తర్వాత వారానికోసారి అయింది. పెద్దవాళ్లకు అంతకన్నా వెసులుబాటు ఉంది. వీడియో కాల్‌లో కథ చెప్పవచ్చు, పన్ను ఊడిన నోరు చూడవచ్చు. కొత్తగా పుట్టిన బిడ్డను ఒడిలోకి తీసుకోవడం మాత్రం కుదరదు. ఆ లోటు లోటే, దానికి ఏ సర్దుబాటూ లేదు.

అందరి దరఖాస్తులూ నెగ్గవు. ఆయన గుండె పరీక్షలోనో ఆవిడ మోకాళ్ల దగ్గరో ప్రయాణం ఆగిపోవచ్చు. అలాంటివాళ్లకు ఇంటి దగ్గరే ఉండి చేసే సేవా మిషన్లున్నాయి. వారంలో కొన్ని గంటలు సంఘం గోదాములో సరుకులు సర్దడమో, కంప్యూటరు ముందు కూర్చుని పాత రికార్డుల్లోని పేర్లను ఎక్కించడమో చేయవచ్చు. అప్పటికే తాళాలు కొడుకు చేతిలో, కార్డుల పెట్టె కూతురి దగ్గర ఉంటాయి. ఇల్లు కదలకుండానే ఇల్లు వాళ్ల చేతుల్లోంచి కదిలిపోయి ఉంటుంది. నీళ్ల వాల్వు సంగతి కొడుకు ఇప్పుడు తన పద్ధతిలో చూసుకుంటున్నాడు, అది తండ్రి గీసిన బొమ్మలో ఉన్నట్టు లేదు. వెళ్లి చెప్పాలా, ఊరుకోవాలా అన్నది ఆ దంపతులు ఆ రాత్రి భోజనం దగ్గర మాట్లాడుకుని తేల్చుకోవాల్సిన విషయం.